సీఎన్‌జీ లీక్ డిటెక్టర్ రివ్యూ: కొనండి, కానీ సబ్బు నీళ్లు పారేయకండి

నమస్తే అండి. వరంగల్ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్ ముందు నిలబడి మాట్లాడుతున్నా. నా చేతిలో ఉన్నది గ్యాస్ లీక్ డిటెక్టర్. ఎటంటే అటు వంగే మెడ, దాని చివర సెన్సార్. నెల రోజుల నుంచి సీఎన్‌జీ ఆటోలు, కార్ల మీద వాడుతున్నా.

పనిచేస్తుందా అంటే, చేస్తుంది. కాకపోతే బయట మంచి గాలిలో ఆన్ చేసి, సెన్సార్ వేడెక్కేదాకా ఆగాలి. పెట్రోల్ ఆవిరి తగిలినా, బ్రేక్ క్లీనర్ కొట్టినా కూస్తుంది, అది గుర్తుపెట్టుకోండి. సీఎన్‌జీలో ఎక్కువ భాగం మీథేన్, గాలి కంటే తేలిక. అందుకే జాయింట్‌కు కాస్త పైన పెట్టి చూడాలి. షెడ్‌లో లీకైతే గ్యాస్ రేకుల కిందే చేరుతుంది. లైటు, ఫ్యాను ఉండేది కూడా అక్కడే! గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. డిటెక్టర్ కూస్తే ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. తలుపులు తీసి, బండిని చేత్తో నెట్టి బయటికి తేవాలి. ఈ ఆటోను అలాగే తెచ్చాం.

ఇప్పుడు దగ్గరగా చూడండి. ఇక్కడ రెండు నట్లున్నాయి. కూత వస్తోంది కానీ ఏ నట్టో తేలడం లేదు. సబ్బు నీళ్లు రాశా. అదిగో, ఆవగింజంత బుడగ... శనగగింజంత అయింది. లీక్ ఇదే.

చాలామంది ఇక్కడే పానా పెట్టి బిగించేస్తారు. దయచేసి వద్దు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి 2 బార్ పైచిలుకు. ఫుల్‌గా పట్టించిన సీఎన్‌జీ 200 బార్. ముందు సిలిండర్ వాల్వ్ మూయాలి. ఇలాంటి చిన్న లీక్ అయితే ఆరుబయటే ఇంజిన్ నడిపి, లైన్‌లో గ్యాస్ అయిపోనివ్వాలి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీయాలి. అప్పుడే పానా.

ఇంకో మాట. వాల్వ్ మూసి, లైన్‌లో గ్యాస్ అయిపోయాక గేజ్ (ఒత్తిడి చూపే మీటర్) సున్నా చూపిస్తుంది. ఆ సున్నా లైన్‌ది, సిలిండర్‌ది కాదు. ఒక కుర్రాడు ఆ సున్నా చూసి వాల్వ్‌నే విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డిటెక్టర్ కొనొచ్చు, షెడ్ ఉన్నవాళ్లు తప్పకుండా కొనండి. ఇక ఈ సిలిండర్ ప్లేట్ చూడండి. 3 ఏళ్లకోసారి హైడ్రో టెస్ట్, అంటే సిలిండర్‌లో నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష, చేయించాలి, దీని గడువు పోయిన నెలే దాటింది. టెస్ట్ అయ్యేదాకా గ్యాస్ పట్టించొద్దని డ్రైవర్ అన్నకు చెప్పాను.