పోస్ట్‌డాక్ కోసం విదేశం వెళ్లాల్సిందేనా? విజయవాడ స్టూడియో చర్చ, పూర్తి పాఠం

సంచాలకురాలు: అమరావతికి క్వాంటమ్ వ్యాలీ, అంటే క్వాంటమ్ కంప్యూటర్ల పరిశోధన కేంద్రం, వస్తోందని సంబరపడుతున్నాం. ఫోటోనిక్స్ అనే కాంతి సాంకేతికతలో, కాంతితో చిత్రాలు తీసే ఆప్టికల్ ఇమేజింగ్‌లో పీహెచ్‌డీ ముగించిన మన పిల్లలు మాత్రం పోస్ట్‌డాక్ కోసం, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం కోసం, జర్మనీకో అమెరికాకో వెళ్తున్నారు. మాస్టారూ, ఆ అవకాశాలు అమరావతిలోనే ఎందుకు ఉండకూడదు?

విశ్రాంత ఆచార్యులు: ఉండాలనే నా కోరిక కూడానమ్మా. అయితే భవనం లేచినంత మాత్రాన ప్రయోగశాల అయిపోదు. సాధారణ సూక్ష్మదర్శిని హద్దు దాటి చూడగలిగినవారికి 2014లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది, లేజర్ పరిశోధనకు 2018లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది, అటోసెకండ్ కాంతి స్పందనలకు, అంటే సెకనులో వందకోట్లవ వంతులో మళ్లీ వందకోట్లవ వంతు లెక్కన కొలిచే కాంతి మెరుపులకు, 2023లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అటువంటి పరిశోధన జరిగే ప్రయోగశాలలో రెండేళ్లు పనిచేసి చేయి తిరిగినవాడే రేపు ఇక్కడ...

పరిశోధకురాలు: సార్, ఒక్క మాట.

ఆచార్యులు: నన్ను పూర్తి చేయనివ్వమ్మా. అతడే ఇక్కడ పదిమందిని తయారు చేస్తాడు. కనుక వెళ్లనివ్వాలి.

పరిశోధకురాలు: వెళ్లవద్దని నేను అనడం లేదు సార్, ఉండాలనుకునేవారి సంగతి అడుగుతున్నాను. మన నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ రెండేళ్లే, వయోపరిమితి 35 ఏళ్లు, మహిళలకు మరో 5 ఏళ్ల సడలింపు. యూరప్ మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు వయసుతో పనిలేదు. పీహెచ్‌డీ వచ్చాక 8 ఏళ్లలోపు పరిశోధనానుభవం అడుగుతారు, పిల్లల కోసం ఆగిన కాలాన్ని ఆ లెక్కలోంచి తీసేస్తారు. నేను పనిచేసిన ఒక సంస్థలో ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి రాకపోతే ఇంటి అద్దె మా నాన్నగారు కట్టారు.

సంచాలకురాలు: అంటే అమరావతిలో సకాలంలో డబ్బు ఇచ్చే ఏర్పాటు ఉంటే మీరు ఇక్కడే ఉండేవారన్నమాట?

పరిశోధకురాలు: డబ్బు ఒక్కటే చాలదు మేడమ్. మా ప్రయోగశాల రహదారి పక్కన ఉండేది. లారీ వెళ్లిన ప్రతిసారీ బల్ల అదిరి, కాంతి తరంగాలు కలిసినప్పుడు ఏర్పడే వ్యతికరణ చారలు చెదిరిపోయేవి, అందుకే కొలతలన్నీ అర్ధరాత్రి దాటాక తీసేదాన్ని. కంపనాలను ఆపే, గాలి నింపిన కాళ్లున్న బల్ల కోసం...

ఆచార్యులు: చూశారా, నేను చెప్పిందీ అదే! పరికరాలున్న చోటికి పోవాలి.

కంటి వైద్యుడు: నాకూ అవకాశమివ్వండి. గుంటూరులో నేను రోజూ కంటి లోపలి పొరలను కాంతితో చిత్రించే ఓసీటీ యంత్రంతో రెటీనా, అంటే కంటి వెనుక పొర, చూస్తాను. పరారుణ కాంతిని రెండుగా చీల్చి, ఒకదాన్ని అద్దానికీ మరొకదాన్ని కంటిలోకీ పంపి, తిరిగొచ్చినవాటిని కలిపితే కొన్ని మైక్రాన్ల మందమున్న పొరలు విడివిడిగా కనిపిస్తాయి. మధుమేహ రోగికి మాక్యులా, అంటే రెటీనా మధ్య భాగం, ఉబ్బిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. ఈ పద్ధతి అమెరికాలో 1991లో వెలువడింది. ఆసుపత్రిలో వైద్యుడి పక్కన కూర్చుని పనిచేసే పోస్ట్‌డాక్‌లు మనకు...

సంచాలకురాలు: డాక్టర్ గారూ, క్వాంటమ్ వ్యాలీలో అది సాధ్యమేనా?

ఆచార్యులు: కంటి యంత్రాన్నీ క్వాంటమ్ వ్యాలీనీ కలపకండి! అక్కడికి వస్తుందంటున్న ఐబీఎం క్వాంటమ్ కంప్యూటర్ కాంతితో కాదు, అతివాహకాలతో, అంటే బాగా చల్లబరిస్తే విద్యుత్తును నిరోధం లేకుండా ప్రవహింపజేసే పదార్థాలతో, నడుస్తుంది. ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, ముఖ్యంగా కావలసింది సమాచారాన్ని భద్రంగా పంపే క్వాంటమ్ కమ్యూనికేషన్‌కు. జాతీయ క్వాంటమ్ మిషన్‌లో ఆ విభాగం ఐఐటీ మద్రాసుకు దక్కింది.

సంచాలకురాలు: అమరావతికి ఎందుకు దక్కలేదు మరి?

వైద్యుడు: నేను ఆసుపత్రుల గురించి అడిగాను.

ఆచార్యులు: నాలుగోసారి చెబుతున్నాను, ముందు మనుషులు తయారు కావాలి!

పరిశోధకురాలు: తయారైనవాళ్లం తిరిగొస్తే ఉద్యోగం ఎక్కడుంది సార్? దానికి ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు.

సంచాలకురాలు: సమయం మించిపోతోంది. వెళ్లి నేర్చుకుని రావాలన్న మాస్టారి మాటకే మొగ్గు కనిపిస్తోంది.

పరిశోధకురాలు: మొగ్గు అనకండి మేడమ్, నా ప్రశ్న అలాగే ఉంది.

ఆచార్యులు: దానికీ నేనే చెబుతాను. తిరిగి రావాలంటే...

(ప్రసారం ఇక్కడ వాణిజ్య ప్రకటనలకు మారింది.)