సికిల్ సెల్: అమ్మానాన్నలు బాగానే ఉంటే బిడ్డకెలా వచ్చింది?

[దృశ్యం: సిరొంచ దగ్గర ప్రాణహిత. ఒడ్డున జనం.]

వాయిస్: గడ్చిరోలి జిల్లా సిరొంచ. మహారాష్ట్రే అయినా ఇక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. ప్రాణహిత దాటితే తెలంగాణ. చుట్టరికాలు రెండు ఒడ్డులకీ ఉంటాయి. పిల్లకి సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు, అని తేలగానే ఇంట్లో మొదట వచ్చే మాట ఇదే: "మా ఇద్దరికీ ఏ రోగం లేదు గదా, దీనికెలా వచ్చింది?"

[యానిమేషన్: గుండ్రటి ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది.]

వాయిస్: హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దానికి రెండు ప్రతులు, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒక ప్రతిలోనే తేడా ఉంటే మనిషి మామూలుగానే తిరుగుతాడు. అతను క్యారియర్. రెండింటిలోనూ ఉంటేనే జబ్బు: రక్తం తక్కువ కావడం, ఒళ్లంతా విరిచేసే నొప్పులు.

అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు 46 క్రోమోజోముల్లో సగం, అంటే 23 మాత్రమే వాటిలోకి వెళ్తాయి. ప్రతి జతలోంచీ ఒక్కటే. ఏది వెళ్తుందో ఎవరి చేతిలోనూ లేదు.

[తెర మీద: రెండు నాణేలు.]

వాయిస్: ఇద్దరూ క్యారియర్లయితే రెండు నాణేలు ఎగరేసినట్టే. బొరుసంటే తేడా ఉన్న ప్రతి. రెండూ బొరుసు పడితే జబ్బు. దానికి అవకాశం 25 శాతం. బిడ్డ క్యారియర్ కావడానికి 50, ఏమీ లేకపోవడానికి 25.

"నలుగురిలో ఒకరికేగా, పెద్దదానికి వచ్చేసింది, ఇక టెన్షన్ లేదు" అనుకుంటారు. అలా కాదు. ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటినుంచే. నలుగురికీ రావచ్చు, ఒక్కరికీ రాకపోనూవచ్చు.

కోడలి మీద నెపం వేసే అత్తలకి ఒక మాట: మీ అబ్బాయి ఇవ్వకుండా ఈ జబ్బు రాదు. అతనికి మీ ఇంట్లోంచే వచ్చింది!

మేనరికంలో ఒకే తాత దగ్గరున్న తేడా జన్యువు రెండు వైపులనుంచీ బిడ్డకి దిగొచ్చే అవకాశం ఎక్కువ.

మరి ఇంత చేటు జన్యువు తరతరాలుగా ఎలా మిగిలింది? మలేరియా వల్ల. తీవ్రమైన మలేరియా నుంచి క్యారియర్లకి కొంత రక్షణ ఉంటుంది. అందుకే దోమలున్న అడవి ప్రాంతాల్లో అది నిలిచిపోయింది.

[దృశ్యం: వేలి నుంచి రక్తపు చుక్క.]

వాయిస్: 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు వాళ్లకి పరీక్షలు చేస్తున్నారు. సంబంధం మాట్లాడేముందే ఇద్దరూ చేయించుకోండి. మొదట చేసే సాల్యుబిలిటీ టెస్ట్‌లో పాజిటివ్ వస్తే అది క్యారియరో జబ్బో తేలదు. అది తేలాలంటే రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష కూడా చేయించాలి.