గడియ తీసి 108కి ఫోన్ చెయ్యండి: హాస్టల్ విద్యార్థులతో ప్రసంగం

అందరికీ నమస్కారం.

గంజాయి తాగితే జీవితం పాడవుతుందని మీకు చాలామంది చెప్పే ఉంటారు. నేను మళ్లీ చెప్పను. అర్ధరాత్రి హాస్టల్ గదిలో ఒకడు పడిపోతే పక్కనున్నవాళ్లు ఏం చెయ్యాలో మాట్లాడుకుందాం. వార్డెన్‌కి తెలుస్తుందేమోనని గడియ పెట్టుకుని కూర్చుంటే, దక్కాల్సిన ప్రాణం కూడా పోతుంది.

గంజాయి పొగ నిమిషాల్లో ఎక్కుతుంది. అదే గంజాయి చాక్లెట్ అయితే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదేమిటని ఇంకోటి తింటారు. రెండూ కలిసి ఎక్కేసరికి గుండెదడ, వణుకు, ఎవరో చంపడానికి వస్తున్నారన్న భయం. అప్పుడు వాణ్ణి మేడ మీద ఉంచొద్దు, ఒంటరిగా వదలొద్దు.

పార్టీల్లో ఎక్స్‌టసీ అని పిలిచే ఎండీఎంఏ మత్తుమందు ఒంట్లో వేడి పెంచుతుంది. కిక్కిరిసిన హాల్లో గంటల తరబడి గంతులేస్తే జ్వరం 104 దాటిపోతుంది. పోనీ అని లీటర్లకొద్దీ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వస్తాయి.

నాకు ఎక్కువ భయం మాత్రలంటేనే. నొప్పికి వాడే ట్రమడాల్, ఆందోళనకి వాడే అల్‌ప్రజోలం, వాటి మీద మద్యం. మూడూ ఊపిరిని మందగింపజేసేవే. గురక వింటూ పడుకున్నాడులే అనుకుంటారు. ఆ గురక గరగరమంటూ ఆగి ఆగి వస్తున్నా, నిమిషానికి 10 శ్వాసలు కూడా లేకపోయినా, పెదాలు నీలంగా మారినా అది నిద్ర కాదు. భుజం తట్టి గట్టిగా పిలిచినా కళ్లు తెరవకపోతే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పైకాలు మోకాలి దగ్గర మడిచి ముందుకు, తల కాస్త వెనక్కి, నోరు నేలవైపు. వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆగిపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు ఏవీ పొయ్యొద్దు. మిగిలిన స్ట్రిప్పు డాక్టరుకి చూపించండి. ట్రమడాల్ లాంటి వాటికి విరుగుడుగా నాలొక్సోన్ ఇంజెక్షన్ ఉంది. దాని పని తొందరగా తగ్గిపోతుంది, లేచి కూర్చున్నాడని ఇంటికి తీసుకెళ్లిపోకండి.

ఇంకొకటి. కొన్నాళ్లు మానేసినవాడు మళ్లీ పాత డోసే వేసుకుంటే ఒళ్లు తట్టుకోదు, అలవాటు తప్పి ఉంటుంది. రోజూ అల్‌ప్రజోలం వేసుకునేవాడు ఒక్కసారిగా ఆపేసినా ఫిట్స్ రావచ్చు. డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించుకోవాలి.

ఇక కేసు. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయికి చిన్న పరిమాణం కిలో, ఎండీఎంఏకి అర గ్రాము. అది దాటితే శిక్ష పెరుగుతుంది. అంటే జేబులో ఒక గ్రాము ఎండీఎంఏ దొరికినా పదేళ్ల దాకా జైలు పడే సెక్షనే. నలుగురూ చందా వేసుకుని ఒకణ్ణి పంపితే, ఫోన్‌పే లెక్కలు నలుగురినీ పట్టిస్తాయి. అదే చట్టంలో 64ఏ సెక్షన్ కూడా ఉంది. వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్న, మత్తుకి బానిసైనవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వెళ్లి పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. దీని గురించి ఎవరూ పోస్టర్ వెయ్యరు! సలహాకి 14446, సరుకు అమ్మేవాళ్ల సమాచారానికి ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908.

వార్డెన్లూ, ఎవరిచ్చారన్న ప్రశ్న తెల్లారాక అడగండి. ఆ రాత్రికి గేటు తాళం ఎవరి దగ్గరుందో, అంబులెన్సు దారికి బైకులు అడ్డం ఉన్నాయేమో చూడండి.