తుఫానుకీ సరదాకీ ఒకే వాకీ టాకీనా? కొనేముందు ఇది చూడండి

నమస్తే అండీ. టేబుల్ మీద మూడు ఉన్నాయి: 446 మెగాహెర్ట్జ్ వాకీ టాకీల జత, బావోఫెంగ్ యూవీ-5ఆర్, టెక్‌సన్ పీఎల్-330 రేడియో.

"ఏది కొనమంటారు?" అని అడిగేవాళ్లలో చాలామందికి మనసు ముందే యూవీ-5ఆర్ మీద ఉంటుంది. చవక, చూడ్డానికి పోలీసు సెట్‌లా ఉంటుంది. హ్యామ్ లైసెన్స్, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లకు ప్రభుత్వం పరీక్ష పెట్టి ఇచ్చే అనుమతి, లేకపోతే మాత్రం దాని జోలికి పోకండి. 136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా మాట్లాడేస్తుంది. బటన్ తప్పు నొక్కితే ఎవరి పనికి అడ్డం పడతామో మనకే తెలియదు. "నేను వింటానంతే" అన్నా కుదరదు, అలాంటి సెట్ దగ్గరుంచుకోవడానికే లైసెన్స్ కావాలి. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాయొచ్చు, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే కింది స్థాయి లైసెన్స్‌కి మోర్స్ కోడ్ (చుక్కలూ గీతల సంకేత భాష) కూడా అక్కర్లేదు. పాసై లైసెన్స్ తీసుకుంటే ఇది భలే సెట్. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్‌లో పంపే సిగ్నల్ కూడా వినొచ్చు.

ఇంటికి, పొలానికి అయితే 446 జత. 2018 నుంచి మన దగ్గర 446.0-446.2 మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లకు లైసెన్స్ అక్కర్లేదు. అయినా ఈటీఏ, అంటే ఆ మోడల్‌కి ప్రభుత్వ ఆమోదం ఉందని చెప్పే సర్టిఫికెట్, ఉందా అని అడిగి కొనండి. వాకీ టాకీల అమ్మకాల మీద 2025లో సీసీపీఏ (కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ) ఆన్‌లైన్ సైట్లకు నోటీసులు ఇచ్చింది కూడా. అమెరికా నుంచి బావగారు తెచ్చే సెట్లు వేరండీ, అవి 462, 467లో పనిచేస్తాయి. ఇక్కడ వాడకూడదు.

ఇక రేంజ్. డబ్బా మీద 10 కిలోమీటర్లని ఉంటుంది. ఈ కొండ మీద నుంచి ఆ కొండ మీదికైతే సరే. అపార్ట్‌మెంట్ల మధ్య అర కిలోమీటరు అందితే సంతోషించండి. ఈ ఫ్రీక్వెన్సీలో మాట ఇంచుమించు చూపు ఆనినంత దూరమే పోతుంది, కాబట్టి అందకపోతే డాబా ఎక్కండి. ప్రైవసీ కోడ్ అని ఒకటుంటుంది, పేరు చూసి నమ్మకండి. అది పక్కవాళ్ల గోల మీకు వినపడకుండా చేస్తుందే గానీ, మీ మాటలు ఎవరైనా వింటారు. ఆపద సమయంలో దాన్ని ఆపేయడమే మంచిది. పెన్సిల్ సెల్స్‌తో నడిచే మోడల్‌కే నా ఓటు. కరెంటు లేని రోజున ఛార్జర్‌తో పనేముంది?

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు లేదు, ఫోన్లూ పనిచేయలేదు. అలాంటప్పుడు మాట్లాడటం కన్నా ముందు కావాల్సింది వార్త. అందుకే మూడోది. పీఎల్-330 మాట్లాడదు, వింటుంది. ఎఫ్ఎం, మీడియం వేవ్‌లో ఆకాశవాణి సరే, హ్యామ్‌లు వాడే ఎస్ఎస్‌బీ పద్ధతి మాటలు వినే సదుపాయం ఉంది కాబట్టి 7 మెగాహెర్ట్జ్ దగ్గర హ్యామ్‌ల కబుర్లూ దొరుకుతాయి. ఏరియల్‌కి నాలుగు గజాల వైరు తగిలించి కిటికీ నుంచి వేలాడదీస్తే ఇంకా బాగా పడతాయి. ఇందులో బ్యాటరీ బీఎల్-5సీ, పాత నోకియా ఫోన్లలో ఉండేదే. ఇంకొకటి కొని, ఛార్జ్ చేసి పక్కన పెట్టుకోండి.