అమ్మ ఇంటికి ఫిల్టరు: ఎవరి మాట నమ్మి కొన్నాను?

అందరికీ నమస్కారం. న్యూజెర్సీ నుంచి నెల రోజుల సెలవు మీద మునుగోడు దగ్గరి మా ఊరికి వచ్చాను. ఇప్పుడు మీరు చూస్తున్నది మా అమ్మ వంటిల్లు. గోడకు బిగించిన ఈ ఆర్వో ఫిల్టరును ఎంచుకోవడానికి నాకు పదకొండు రాత్రులు పట్టింది. అంత ఆలోచన ఎందుకంటే, మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో ఆ నీళ్లు తాగి పళ్లు గారపట్టినవారిని, కాళ్లు వంకరపోయినవారిని చూస్తూ పెరిగాను. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక ఆ బాధ చాలా తగ్గినా, నల్లా రాని రోజున అమ్మ బిందె పట్టుకుని మళ్లీ బోరు దగ్గరికే వెళ్తుంది.

ఆన్‌లైన్‌లో ఏ ఫిల్టరు చూసినా వేలమంది ఐదు నక్షత్రాలు ఇచ్చారు. చదువుతూ పోతే వాటిలో ఎక్కువభాగం ఫిల్టరు బిగించిన రోజునే రాసినవి: ప్యాకింగ్ బాగుంది, బిగించిన అబ్బాయి మర్యాదగా మాట్లాడాడు. ఒక్క నక్షత్రం ఇచ్చినవారి కోపం చాలావరకు ఆలస్యంగా చేరిన పార్శిల్ మీద. అందుకని ఏడాదికి పైగా వాడి, మూడు నక్షత్రాలు ఇచ్చినవారి మాటలనే వెతికి చదివాను.

దొంగ రివ్యూలను అరికట్టడానికి మన దేశంలో 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం వచ్చింది; అమెరికాలో వాటిని కొనడం, అమ్మడం నిషేధించే నిబంధన 2024 అక్టోబరు నుంచి అమలులో ఉంది. ఇవి అవసరమే. కానీ నన్ను దాదాపు తప్పుదారి పట్టించినది నిజాయితీగా చేసిన ఒక వీడియో. హైదరాబాదులో ఉండే ఒకాయన నీళ్లలో టీడీఎస్ మీటరు ముంచి అంకె పడిపోవడం చూపించారు. తరువాత నీళ్లు చప్పగా ఉన్నాయని ఫిల్టరు లోపలి చిన్న వాల్వు తిప్పించి, ఇప్పుడు తియ్యగా ఉన్నాయని ఎంతో సంతోషంగా చెప్పారు. ఆయన నీళ్లకు అది సరిపోవచ్చు. కానీ ఆ వాల్వు తెరిస్తే మెంబ్రేన్, అంటే లవణాలను వడగట్టే పలుచని పొర, గుండా వెళ్లని నీళ్లు కొన్ని వచ్చి శుద్ధమైన నీళ్లలో కలుస్తాయి, వాటితోపాటే ఫ్లోరైడ్ కూడా. టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందే తప్ప అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. రంగూ రుచీ వాసనా లేని దాన్ని నాలుక కూడా పట్టలేదు.

చివరికి నాకు దారి చూపినవి కనిగిరి వైపు నుంచి ఎవరో రాసిన నాలుగు వరుసలు. అక్కడివీ ఫ్లోరైడ్ నీళ్లే. వాల్వు పూర్తిగా మూయించామనీ, నీళ్లు చప్పగానే ఉంటాయనీ, పద్నాలుగు నెలలకే మెంబ్రేన్ మార్చవలసి వచ్చిందనీ రాశారు. ఆ ఫిర్యాదు చదివాకే నాకు నమ్మకం కలిగింది. అదే కంపెనీ ఫిల్టరు వాడుతున్న మా చిన్నమ్మకు ఫోన్ చేసి సర్వీసు సంగతి అడిగాను. "ఫోన్ చేస్తే నల్లగొండ నుంచి నాలుగు దినాలకు వస్తడు బిడ్డా, గని వస్తడు" అన్నది.

బిగించిన రోజున మెకానిక్ మేము అడగకుండానే వాల్వు కాస్త తెరిచి వెళ్లాడు. మూడు సీసాలు ల్యాబుకు పంపించాను: లీటరుకు బోరు నీళ్లలో 2.6 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, వాల్వు తెరిచినప్పుడు 1.3, మూసినప్పుడు 0.3. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం 1 దాటకూడదు. వేరే నీటి వసతి లేనప్పుడే 1.5 వరకు అనుమతిస్తారు.

ఈ అంకెలు, ఊరి పేరు, వాల్వు సంగతి కలిపి నిన్న రాత్రి తెలుగులోనే రివ్యూ రాశాను. మెంబ్రేన్ మొదటిసారి మార్చిన రోజున ఖర్చుతో సహా దాని కిందే మళ్లీ రాస్తాను.