ఆలుగడ్డ మన విస్తరిలోకి వచ్చిన దారి

శ్రోతలకు నమస్కారం. వరంగల్ లక్ష్మీపురం మార్కెట్లో ఆలుగడ్డలు ఏరుకునే ఇల్లాలు, పొట్టు ఆకుపచ్చగా తిరిగిన గడ్డ చేతికి తగలగానే పక్కకు పెట్టేస్తుంది. వెలుతురు తగిలి పచ్చబడిన గడ్డలో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుందని శాస్త్రం చెబుతుంది. ఆ పేరు తెలియకపోయినా ఆ జాగ్రత్త ఆమెకు తల్లి నుంచి వచ్చింది. ఒకప్పుడు ఐరోపా ప్రజలు ఈ గడ్డను ఇంట్లోకి రానివ్వకపోవడాన్ని ఒట్టి అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదని నేననేది ఇందుకే.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల మీద, టిటికాకా సరస్సు ప్రాంతంలో, వేల ఏళ్లుగా సాగులో ఉన్న ఈ పంటను 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు ఐరోపాకు తీసుకువెళ్లారు. అక్కడివారు దాని ఆకును, పువ్వును చూసి ఇది విషపు మొక్కల కుటుంబానిదని గుర్తుపట్టారు. ఆ గుర్తింపు తప్పేమీ కాదు. మనం రోజూ తినే వంకాయ, టమాట, మిరప ఆ కుటుంబానివే, ఉమ్మెత్త కూడా అందులోదే. ఆలుగడ్డ మొక్కకు కాసే చిన్న పచ్చికాయలు నిజంగానే విషం. పైగా గరుకు తేలిన ఆ గడ్డను తింటే కుష్ఠు వస్తుందన్న అపోహ ఒకటి పుట్టింది. అందువల్ల చాలాచోట్ల అది చాలాకాలం పశువుల మేతగానే మిగిలింది.

ఆ భయాన్ని పోగొట్టడంలో ఉపన్యాసాల కంటే ఆకలి, యుద్ధాలే ఎక్కువ పనిచేశాయి. 1756లో, ఇప్పటి జర్మనీ ప్రాంతంలో ఉండిన ప్రష్యా రాజ్యానికి రాజైన రెండవ ఫ్రెడరిక్, రైతుల చేత ఆలుగడ్డ సాగు చేయించమని తన అధికారులకు ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఏడే మొదలైన యుద్ధంలో ప్రష్యా వారికి చిక్కిన పార్మంటియే అనే ఫ్రెంచి సైన్యపు ఔషధ నిపుణుడు, చెరలో పెట్టిన ఆలుగడ్డలే తిని ఆరోగ్యంగా బయటపడి, ఆ తరువాత జీవితమంతా దాని తరఫున వాదించాడు. చివరకు 1772లో పారిస్ వైద్య పండితులు అది తినదగినదేనని ప్రకటించారు.

మన దేశానికి ఇది పోర్చుగీసు వారి వెంట పడమటి తీరానికి చేరింది; మరాఠీలో దాన్ని ఇప్పటికీ బటాటా అనే అంటారు. కోస్తా వారి బంగాళాదుంప అన్న పేరు బెంగాల్‌ను గుర్తుచేస్తుంది. మన తెలంగాణ వాళ్లమైతే హిందీ, ఉర్దూల ఆలూకు మన గడ్డను చేర్చి, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, చామగడ్డల వరుసలో కూర్చోబెట్టుకున్నాం. పరాయి పంటను ఇంటి పేరుతో పిలుచుకున్న ఈ తీరు నాకెంతో ఇష్టం.

ఇవాళ పెళ్లి భోజనాల్లో ఆలుగడ్డ కూర సర్వసాధారణం. అయితే కొన్ని సంప్రదాయ కుటుంబాల్లో తద్దినం నాడు పితృదేవతల కోసం వేసే విస్తరిలో అరటికాయ, కాకరకాయ, చామగడ్డ ఉంటాయి గాని, ఆలుగడ్డకు ఇంకా చోటు దొరకలేదు.