అమెరికా అంతర్యుద్ధం: సుంకాల గొడవా, బానిసల గొడవా? స్టూడియో చర్చ పూర్తి పాఠం

యాంకర్: నమస్కారం. 2023 డిసెంబర్ 27న అమెరికాలో న్యూహాంప్‌షైర్‌లోని బెర్లిన్ అనే ఊళ్లో ఓ ఓటరు, అప్పట్లో అధ్యక్ష పదవికి రిపబ్లికన్ టికెట్ కోసం పోటీ పడుతున్న నిక్కీ హేలీని అడిగారు, అంతర్యుద్ధం ఎందుకొచ్చిందని. ప్రభుత్వం ఎలా నడవాలి, జనం స్వేచ్ఛ ఎంత అని ఏవేవో చెప్పారు గానీ 'బానిసత్వం' అన్న మాట నోట రాలేదు. మర్నాడు సర్దుకున్నారు. ఆమె దాటేసిన మాట అది. మనందరం దాటేసే మాట ఇంకోటుంది, దిగుమతి సుంకాలు! ఉత్తరాన ఫ్యాక్టరీలు, దక్షిణాన పొలాలు. గొడవ అక్కడేగా? ముగ్గురికీ సమాన సమయం ఇస్తాం. మాస్టారూ, ముందు మీరు.

చరిత్ర అధ్యాపకుడు: మీ ప్రశ్నలోనే తిరకాసుంది. ఉత్తరాన పొలాల్లేవా? 1860లో అక్కడ పనిచేసేవాళ్లలో దాదాపు 40 శాతం వ్యవసాయంలోనే ఉన్నారు. ఒహాయో, ఇల్లినాయ్ నిండా గోధుమ, మొక్కజొన్న. ఇది పొలానికీ ఫ్యాక్టరీకీ తగువు కాదు. పొలంలోకి దిగేదెవరు అన్నదే తగువు.

ఆర్థిక విశ్లేషకుడు: ఒక్క మాట, న్యూయార్క్ బ్యాంకుల సంగతి...

చరిత్ర అధ్యాపకుడు: వస్తా, అక్కడికే వస్తా. గోధుమ పండాక పది పన్నెండు రోజుల్లో కోసెయ్యాలి, లేకపోతే గింజ రాలిపోతుంది. ఆ కాస్త పనికి ఏడాదంతా మనుషుల్ని పెట్టుకోవడం దండగ. అందుకే మెకార్మిక్ 1847లో షికాగోలో కోత యంత్రాల ఫ్యాక్టరీ పెట్టాడు, రైతు యంత్రం కొనుక్కున్నాడు. పత్తికి ఆ వీల్లేదు. ఏప్రిల్‌లో విత్తాలి, తర్వాత మొక్కలు పలుచన చెయ్యాలి, జులై దాకా కలుపు, ఆగస్టు చివర్నించి డిసెంబర్ దాకా తీత. కాయలన్నీ ఒకేసారి పగలవు కదా, అదే సాలు మళ్లీ మళ్లీ తిరగాలి. పత్తి తీసే యంత్రం పొలాల్లోకి నిజంగా వచ్చింది 1940ల్లో!

యాంకర్: మన గుంటూరు వైపు ఇప్పటికీ చేత్తోనేగా తీసేది. మేడమ్, మీరు జిన్నింగ్ మిల్లుల, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లుల ఇంజినీరు...

జిన్నింగ్ ఇంజినీరు: తీత తర్వాత అసలు ఇరుకు గింజ దగ్గర. నున్నటి గింజ రకమైతే రెండు రోలర్ల మధ్య పెట్టి తిప్పితే గింజ ఇవతలే ఆగుతుంది. అమెరికా మెట్ట పొలాల్లో పండేది నూగు అంటుకున్న పచ్చ గింజ, రోలర్‌కి లొంగదు. చేత్తో వలిస్తే మనిషికి రోజుకి ఓ పౌను, అంటే అరకిలోకి కాస్త తక్కువ దూది. 1793లో ఎలై విట్నీ అనే అమెరికన్ తన జిన్ను యంత్రంలో చేసింది చిన్న ఉపాయం. చెక్క డ్రమ్ముకి తీగ ముళ్లు, ముందు సన్నటి చీలికలున్న పలక. ముల్లు చీలికలోంచి దూదిని లాగేస్తుంది, గింజ పట్టక ఇవతలే రాలుతుంది. వెనక బ్రష్షు ఎదురు తిరుగుతూ ముళ్లకి చిక్కిన దూది దులుపుతుంది. రోజుకి 50 పౌన్లు. తర్వాత తీగల బదులు రంపపు చక్రాలొచ్చాయి. తడి పత్తి వేస్తే ముద్ద కట్టి చక్రం బిగుసుకుంటుంది. స్పీడు పెంచితే పోగు తెగి దూదిలో ఉండలు పడతాయి...

యాంకర్: యంత్రం వస్తే కూలీలు తగ్గాలి కదా?

జిన్నింగ్ ఇంజినీరు: గింజ వలిచే చోట తగ్గారు. దాంతో పత్తి గిట్టుబాటైంది, వేసే ఎకరాలు పెరిగాయి. తీయడానికి మాత్రం...

చరిత్ర అధ్యాపకుడు: అదీ! 1790లో బానిసలు దాదాపు 7 లక్షలు. 1860కి 39 లక్షల 53 వేలు! సాయంత్రం జిన్ను కొట్టం దగ్గర బుట్టలు తూచేవాళ్లు. మనిషి మనిషికీ లెక్క, తక్కువైతే కొరడా. ఎక్కువ తీశాడనుకోండి, రేపట్నించి అదే వాడి కొలత. వరసగా పత్తే వేస్తే భూమి చచ్చిపోతుంది, కొత్త నేల కావాలి. అందుకే మిసిసిపీ, టెక్సస్. అందుకే 1854లో కాన్సాస్‌లో బానిసలుండాలా వద్దా అని...

యాంకర్: మాస్టారూ, సుంకాలు. నా ప్రశ్న సుంకాలు.

ఆర్థిక విశ్లేషకుడు: 1828 సుంకం మీద దక్షిణ కరోలినా నిజంగానే తిరగబడింది. 1832లో మా రాష్ట్రంలో ఇది చెల్లదు అంది. పత్తి అమ్ముకుని విదేశీ సరుకు కొనుక్కునేవాడికి సుంకం దెబ్బే...

యాంకర్: చూశారా!

చరిత్ర అధ్యాపకుడు: 1833లో రాజీ పడ్డారు. యుద్ధం వచ్చిందా? 1857లో రేట్లు ఇంకా దించారు, దక్షిణాది ఓట్లతోనే. మళ్లీ రేట్లు పెంచిన మోరిల్ సుంకం చట్టం మీద సంతకం 1861 మార్చి 2న. దక్షిణ కరోలినా అమెరికా నుంచి బయటికి పోయింది 1860 డిసెంబర్ 20న! ఇంట్లోంచి వెళ్లిపోయాక పడిన గోడని చూపించి, ఆ గోడ వల్లే వెళ్లానంటే ఎలాగండీ?

యాంకర్: రాష్ట్రాల హక్కులు అంటారు కదా...

చరిత్ర అధ్యాపకుడు: 1850 చట్టం చూడండి. పారిపోయిన బానిసని ఉత్తరాది రాష్ట్రాలు పట్టివ్వాలి. కేసు తేల్చే కమిషనరుకి, బానిసేనని తేలిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5. అప్పుడు మసాచుసెట్స్ లాంటి ఉత్తరాది రాష్ట్రం హక్కు దక్షిణాదిలో ఎవరికీ గుర్తు రాలేదు. విడిపోతూ మిసిసిపీ రాసుకున్న ప్రకటనలోనే ఉంది, మా స్థితి బానిస వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని.

(ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: ఒక్కొక్కరు, ప్లీజ్. మేడమ్, ఇందులో మన కాకినాడ కూడా ఉందట?

జిన్నింగ్ ఇంజినీరు: ఉంది. ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవుల్ని దిగ్బంధం చేశాక ఇంగ్లండులోని లంకాషైర్ మగ్గాలకి పత్తి కరువైంది. గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవుకి చేరింది, మార్కెట్లో దానికి 'కోకనాడ' అనే పేరే ఉండిపోయింది. కాకపోతే మన పోగు పొట్టి. అమెరికా పోగుకి బిగించిన మరల మీద వేస్తే ఊరికే తెగేది, అక్కడి కార్మికులు తిట్టుకునేవాళ్లు. 1865లో యుద్ధం ఆగింది, ధర కూలింది...

యాంకర్: అంటే ఇదీ విదేశీ వాణిజ్యమే, సుంకాల లాంటిదే!

జిన్నింగ్ ఇంజినీరు: కాదండీ, నేనన్నది...

చరిత్ర అధ్యాపకుడు: లింకన్ కూడా మొదట బానిసత్వం రద్దు చేస్తాననలేదు. కొత్త ప్రాంతాలకి పాకనివ్వనన్నాడు. ఆ ఒక్క మాటకే ఏడు రాష్ట్రాలు పోయాయి! ఇంకేం కావాలి?

యాంకర్: టైమైపోయింది. మాస్టారి వాదన బలంగానే ఉంది. బ్యాలెన్స్ కోసం... సార్, పది సెకన్లు.

ఆర్థిక విశ్లేషకుడు: గంట నుంచీ అదే చెప్పబోతున్నా. 1861 జనవరిలో న్యూయార్క్ మేయరు ఫెర్నాండో వుడ్ మన నగరం కూడా విడిపోదాం అన్నాడు. దక్షిణాది పత్తికి అప్పిచ్చేది, బీమా కట్టేది, ఓడ ఎక్కించేది అక్కడే. బానిస తీసిన పత్తి ఉత్తరాది మిల్లులోనే బట్ట అయింది. ఫ్యాక్టరీ ఒక పక్క, బానిస ఇంకో పక్క అని గీత గీస్తే ఈ లెక్క...

చరిత్ర అధ్యాపకుడు: న్యూయార్క్ విడిపోలేదుగా!

ఆర్థిక విశ్లేషకుడు: నన్ను పూర్తి చెయ్యనివ్వండి...

యాంకర్: విరామం తర్వాత ఇదే అంశం. ముఖ్యంగా ఆ సుంకాలు.